కుట్టులోకి పోయిన ధరలు

నేను రాసిన ఒక తప్పు వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. దాన్ని సరిదిద్దుతూ నేనే రాసిన రెండు పేజీలు మాత్రం ఎవరి కంటా పడటం లేదు. మొన్నీమధ్య ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసి, "సర్, మీ మిర్చి వ్యాసం మీద ఆధారపడి నా మూడో అధ్యాయం రాశాను, ఒకసారి చూస్తారా" అంది. ఏ వ్యాసం అమ్మా అని అడిగాను. మొదటిదే. రెండోది ఒకటుందని ఆమెకు తెలియదు. చెప్పాను. తర్వాత, "మా గైడుగారికి ఎలా చెప్పాలి సర్" అంది.

ఆమెకు నేనేం చెప్పానో అంత ముఖ్యం కాదు. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఈ సంగతి తెలుగులో, అందరికీ తెలిసేలా రాసిపెట్టక తప్పదనిపించింది. ఇంగ్లిషులో అచ్చయిన నా దిద్దుబాటులో అంకెలన్నీ ఉన్నాయి. ఆ అంకెలు ఎవరి చేతుల మీదుగా బయటపడ్డాయో వాళ్ల పేర్లు అందులో లేవు. అది రాయకుండా నేను పోతే, ఆ తప్పు నా ఒక్కడిదే అని గానీ, ఆ దిద్దుబాటు నా ఒక్కడి గొప్పే అని గానీ మీరు అనుకుంటారు. మొదటిది నిజం. రెండోది కాదు.

నా పని అంతర్జాతీయ స్థూల ఆర్థికశాస్త్రం. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. దేశాల మధ్య డబ్బు, సరుకు కదిలినప్పుడు మామూలు మనిషికి ఏమవుతుందో చూడటం. డాలరు విలువ మారితే అది ఎన్ని చేతులు దాటి ఎవరి దాకా వస్తుంది, ఎంత వస్తుంది, ఎన్నాళ్లకు వస్తుంది అన్నదే నా ఉద్యోగమంతా నన్ను తిప్పిన ప్రశ్న. తోటి అధ్యాపకులు నన్ను డాలర్ పంతులు అనేవాళ్లు. "డాలర్ పంతులు చాయ్ డబ్బులు రూపాయల్లో ఇస్తాడా" అని చరిత్ర లెక్చరర్ రోజూ ఒకే జోకు వేసేవాడు. రోజూ నవ్వేవాళ్లం.

మా నాన్న సారపాక కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు కూలీ. ఆయన దించిన వెదురంతా కాగితమై ఎటో పోయేది. మా ఇంట్లో మాత్రం క్యాలెండరు తప్ప కాగితం ఉండేది కాదు. గోదావరి వంతెన దాటితే భద్రాచలంలో శాఖా గ్రంథాలయం. నా చదువంతా అక్కడే. డిగ్రీ తర్వాత ఎంఏ కూడా కాలేజీకి పోకుండా కట్టినదే. మారకపు రేట్ల గురించి అక్కడ ఒకే ఒక్క లావు పుస్తకం ఉండేది. చివరి అధ్యాయం చెదలు తినేసింది. ఆ అధ్యాయంలో ఏముండాలో ముందరి పదకొండు అధ్యాయాలను బట్టి ఆలోచించి నేనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. చాలా ఏళ్లకు హైదరాబాదులో చెదలు తినని ప్రతి దొరికింది. పోల్చి చూస్తే రెండు చోట్ల తప్పు రాశాను, ఒక చోట వాళ్ల కంటే సులువుగా రాశాను. ఈ మాట ఇప్పటికి వందమందికి చెప్పి ఉంటాను. గర్వమే. కాదనను. ఆ గర్వమే తర్వాత నన్ను ముంచిందని కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఖమ్మం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరాక, మధ్యాహ్నం క్లాసులు కాగానే జిల్లా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. పాత పత్రికలుండే గదిలో కిటికీ పక్కన ఒకటే పొడుగు బల్ల. ఈ చివర నేను. ఆ చివర పుస్తకాలు కుట్టే భాయి.

ఆయనకు అప్పుడు యాభై దగ్గర ఉంటాయి. చెవి మీద పెన్సిలు, పెదాల మధ్య దారం. దినపత్రికలను నెలల వారీగా పేర్చి, అంచున బెజ్జాలు పొడిచి, కుట్టి, అట్ట వేసేవాడు. మైదా గంజిలో మైలుతుత్తం కలిపి కాచేవాడు, పురుగు పట్టకుండా. ఆ వాసన ఇప్పుడెక్కడైనా తగిలితే నా చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెతుకుతుంది. మిర్చి సీజన్లో పొద్దున పూట ఆయనకు మార్కెట్ యార్డులో ఇంకో పని ఉండేది. కొనేవాళ్లు మచ్చు చూడటానికి బస్తాల మూతులు కోస్తారు కదా, వాటిని దబ్బనంతో మళ్లీ కుట్టే పని. "పొద్దుగాల గోనె, పగటీలి కాయిదం. చెయ్యి ఒక్కటే సార్" అనేవాడు. మధ్యాహ్నానికి కళ్లు ఎర్రగా ఉండేవి, మిరప ఘాటుకు. అందుకే పత్రికలు కుడుతున్నప్పుడు ఏడుస్తున్నట్టు కనిపించేవాడు. "ఏం వార్త చదివినవ్ భాయీ, అంత ఏడుస్తున్నవ్" అనేవాణ్ణి. "మీ డాలర్ పడ్డదంట సార్" అనేవాడు.

అట్లా ఆ బల్లకు అటూ ఇటూ ఆరేళ్లు కూర్చున్నాం. నేను ఆయన్ని భాయి అన్నాను, ఆయన నన్ను సార్ అన్నాడు. అంతకు మించి అడగాల్సిన అవసరం ఇద్దరికీ రాలేదు. నాకు రాలేదు అనడమే నిజం. ఆయనకు నా పేరు తెలుసు, నా గ్రంథాలయ కార్డు మీద చూశాడు.

నా ప్రశ్న ఇది. రూపాయి విలువ తగ్గితే విదేశాలకు మిర్చి పంపే వ్యాపారికి ప్రతి డాలరుకూ ఎక్కువ రూపాయలొస్తాయి. అందులో రైతుకు ఎంత చేరుతుంది? దీనికి ఏళ్ల తరబడి ధరలు కావాలి. ఇప్పుడు మీరు మీట నొక్కితే వస్తాయి. అప్పుడు మాకు పాత పత్రికలే గతి. జిల్లా పేజీలో కింద చిన్న పట్టిక వేసేవాళ్లు: ఖమ్మం మార్కెట్, మిర్చి, జెండా పాట, మధ్యరకం, కనిష్ఠం.

జెండా పాట తెలియనివాళ్ల కోసం ఒక మాట. పొద్దున్నే యార్డులో జెండా పట్టుకుని ఒక మంచి సరుకు దగ్గరకు వెళ్తారు. ఖరీదుదారులంతా చుట్టూ చేరి ఆ బస్తాల మీద పాట పాడతారు. అక్కడ పలికిన అత్యధిక ధరే ఆ రోజు జెండా పాట. పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చేదీ, టీ కొట్ల దగ్గర చెప్పుకునేదీ అదే. ఆ తర్వాత మిగతా రాసుల మధ్య తిరుగుతూ ఒక్కోదానికి ఒక్కో ధర చెబుతారు.

పట్టిక ఎప్పుడూ ఎడమచేతి పేజీలో, లోపలి అంచుకు ఆనుకుని ఉండేది. సంపుటాన్ని కుట్టినప్పుడు ఆ లోపలి అంచు కుట్టులోకి పోయేది. అందువల్ల జెండా పాట నిలువు వరుస చక్కగా కనిపించేది, మధ్యరకం సగం సగం కనిపించేది, కనిష్ఠం మొత్తానికే కనిపించేది కాదు. నేను జెండా పాట వరుస ఒక్కటే రాసుకుంటూ పోయాను. పన్నెండేళ్ల సీజన్లు, ఏడాదికి రెండు సంపుటాలు.

ఒకరోజు భాయి నా నోటుపుస్తకంలోకి తొంగిచూశాడు.

"ఏంది సార్, అన్నీ జెండా పాటలే రాస్తున్నరు?"

"అదే కనిపిస్తోంది భాయీ."

"కనవడేది రాస్తే ఎట్ల? మిగిలినయి లోపలికి పోయినయ్. కుట్టింది నేనే గద, ఇప్పేది గూడ నేనే. లైబ్రరీ మేడమ్‌ని అడుగుండ్రి, ఇప్పి సూపిస్త."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"అన్నీ అంటే నెల, నెలన్నర."

ఆరు వారాల్లో నేను ఢిల్లీలో ఒక సదస్సులో వ్యాసం చదవాలి. "అవసరం లేదులే భాయీ. ఎక్కువ ధర కదిలితే మిగతావీ దాంతోపాటే కదులుతాయి. ఒకటి తెలిస్తే మిగిలినవి తెలిసినట్టే" అన్నాను. పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను.

ఆయన దారం పెదాల మధ్య నుంచి తీశాడు. "సార్, జెండా పాట బస్తా పెండ్లికొడుకు లెక్క. గుర్రం, బ్యాండు అన్నీ వానికే. ఎనక నడిచేటోనికి బువ్వ దొరికితే దొరికినట్టు. ఒక్క పూట యార్డుకు రాండ్రి. పొద్దుగాల ఆరింటికి."

"వస్తానులే" అన్నాను. వెళ్లలేదు. మా ఇంటి నుంచి యార్డుకు సైకిలు మీద పావుగంట.

వ్యాసం బాగా పేరు తెచ్చుకుంది. రూపాయి తగ్గితే ఆ లాభం దాదాపు మొత్తం ఖమ్మం మిర్చి రైతుకు, అదీ వారాల్లోనే చేరుతోందని అందులో రుజువు చేశాను. లెక్క ఎక్కడా తప్పలేదు. ఇప్పటికీ ఆ సమీకరణాలు తరగతిలో చెప్పుకోదగినవే. మారుమూల గ్రంథాలయంలో చేత్తో రాసుకున్న ధరలతో చేసిన పని అని విదేశీ పత్రిక ముచ్చటపడి వేసింది. ఆ వ్యాసం వల్లే హైదరాబాదులో విశ్వవిద్యాలయం ఉద్యోగం వచ్చింది, విమానం ఎక్కడం వచ్చింది. మొదటి పేజీ అడుగున కృతజ్ఞతలు చెప్పుకున్నాను: నా మార్గదర్శికి, ఇద్దరు విదేశీ ఆచార్యులకు, కంప్యూటరు కేంద్రానికి. కంప్యూటరు కేంద్రం వాళ్లు నాకు చేసిందల్లా రెండుసార్లు ఫైలు పోగొట్టడం.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఎగుమతి పంటల ధర కూలినప్పుడు రైతుల్ని ఆదుకోవడానికి ఒక నిధి పెట్టాలా వద్దా అని చెప్పడానికి ఒక కమిటీ వేశారు. నేనొక సభ్యుణ్ణి. ముసాయిదాలో మిర్చి దగ్గరకు వచ్చేసరికి ఒక వాక్యం ఉంది: "ఈ పంటకు నిధి అవసరం లేదు, రూపాయి తగ్గినప్పుడల్లా రైతుకు లాభం చేరుతున్నట్టు పరిశోధనలో తేలింది." ఆ పరిశోధన నాదే. చదివినప్పుడు గర్వపడ్డానని దాచను. ఆ తర్వాతి నెలలోనే నా ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ ఉంది. అన్నీ కలిసొస్తున్నాయనుకున్నాను.

సంతకాలకు పన్నెండు రోజుల ముందు కమిటీ గ్రామాలు చూడాలని బయల్దేరింది. భద్రాచలం దాటి, గోదావరి వెంట, అడవి మొదలయ్యే చోట ఒక ఊరు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు కొందరు, ఆ నేల వాళ్లే అయిన కుటుంబాలు కొన్ని. టార్పాలిన్ కింద కూర్చోబెట్టారు. మా అధ్యక్షుడు, రిటైరైన పెద్ద అధికారి, నన్ను మాట్లాడమన్నాడు. నేను ఇక్కడివాణ్ణే అని మొదలుపెట్టి, ఈ ఏడాది రూపాయి బాగా పడింది కాబట్టి మీ మిర్చికి మంచి ధర వచ్చి ఉంటుంది, అది నేను పన్నెండేళ్ల ధరలు చూసి చెబుతున్నాను అన్నాను.

వెనక వరుసలో ఆడవాళ్లు తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. వాళ్లలో ఒకామె లేచింది. నలభై ఏళ్లుంటాయి. చేతులకు మిరప మంట తగలకుండా కట్టుకున్న గుడ్డలు ఇంకా విప్పలేదు.

"సారూ, జెండా పాట ఒచ్చిన బస్తా మీరెప్పుడన్న కండ్ల జూసిండ్రా?"

"పేపర్లో రోజూ వస్తుంది కదమ్మా."

"పేపర్ల మేం గూడ జూస్తం. మా ఊళ్లె ఎవలికి ఒచ్చిందో అడుగుండ్రి."

అడిగాను. ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన, తన తండ్రికి ఒకసారి వచ్చిందని విన్నానన్నాడు. పక్కాయన, "మీ నాయిన గొప్పలు గూడ లెక్కేస్తె మస్తుమందికి ఒచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నా నవ్వు ముందే ఆగిపోయింది.

ఆమె నన్ను కల్లం దగ్గరకు తీసుకెళ్లింది. మూడు కుప్పలు. ఒకటి నిగనిగలాడే ఎరుపు, తలపాగాలో పట్టేంత. ఒకటి మచ్చలు పడ్డ కాయ. మూడోది తెల్లబారిన తాలుకాయ. అదే అన్నిటికన్నా పెద్దది.

"ఇందుల మీ రేటు ఏ కుప్పకు సారూ?"

"డాలరు పెరిగింది కదమ్మా..."

"పెరిగితే పెరగనియ్. నా కుప్పలు మూడు."

ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర ఆ చిన్న ఎర్ర కుప్ప గురించి పన్నెండేళ్ల జ్ఞానం ఉంది. మిగతా రెండింటి గురించి ఒక్క రోజుది కూడా లేదు. ఆ రెండూ ఎక్కడున్నాయో మాత్రం నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో జీపులో అధ్యక్షుడికి చెప్పాను, ఆ వాక్యం ఆపాలని, నా వ్యాసం మళ్లీ చూసుకోవాలని. ఆయన కిటికీ బయటికి చూస్తూ, "ఒక కల్లం చూసి పన్నెండేళ్ల పరిశోధన మార్చుకుంటావా? వచ్చే నెల నీ ఇంటర్వ్యూ అట కదా" అన్నాడు. బెదిరింపు కాదది, సలహానే. వంతెన మీదికి వచ్చేసరికి సారపాక మిల్లు పొగగొట్టాలు కనిపించాయి. మా నాన్న గుర్తొచ్చి ఏదో నిర్ణయం తీసుకున్నానని రాస్తే బాగుంటుంది. అబద్ధమవుతుంది. నాకు భయం మాత్రమే వేసింది, రేపు ఎవరో ఒకరు ఆ కుట్టు విప్పుతారని. ఖమ్మంలో జీపు ఆపించి దిగిపోయాను.

గ్రంథాలయంలో ఆ గది, ఆ బల్ల, ఆ చివర ఆయన. జుట్టు తెల్లబడింది.

"భాయీ, కుట్టు విప్పాలి."

ఆయన తలెత్తి చూశాడు. ఎన్నేళ్లయింది, ఎక్కడున్నారు అనలేదు. "గిప్పుడు యాదికొచ్చిందా సార్" అన్నాడు. మళ్లీ, "ఎన్ని దినాలున్నయ్?"

"పదకొండు."

"నెలన్నర పని అని అప్పుడే జెప్పిన. గిప్పుడు కుట్టు ఇప్పే పని మటుకే జేద్దాం. మళ్ల కుట్టుడు తర్వాత సంగతి."

గ్రంథపాలకురాలు నిబంధన చదివి వినిపించింది. కుట్టిన సంపుటాలను విప్పాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి, దానికి మూడు నెలలు. తర్వాత కళ్లద్దాలు తీసి, "శిథిలమైన వాటిని మళ్లీ కుట్టించే అధికారం మాత్రం నాకుంది. ఇవి శిథిలమయ్యాయని రాస్తాను. రాసేటప్పుడు మీరు అటు తిరగండి" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాతి తొమ్మిది రోజులు నా ఉద్యోగ జీవితంలో నేను మళ్లీ కోరుకునేవి. విమానాలు, సదస్సులు, శాలువాలు ఏవీ వద్దు. ఆ తొమ్మిది రోజులే కావాలి. ఆయన చిన్న కత్తితో దారాలు కోసేవాడు. ఎండిన గంజి మీద తడిగుడ్డ పరిచి, మెత్తబడేదాకా ఆగి, కాగితం చిరగకుండా ఒక్కొక్కటే విడదీసేవాడు. విడదీసిన పేజీ నా వైపు జరిపేవాడు. లోపలి అంచులో, ఎండ తగలక ఇంకా తెల్లగా ఉన్న కాగితం మీద ఆ రెండు వరుసలూ ఉండేవి. నేను రాసుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఆయన టిఫిన్ డబ్బాలోంచి అన్నం, చింతపండు ఖట్టా సగం నాకు పెట్టేవాడు. హోటల్ నుంచి నేను తెచ్చిన పప్పును ఒకసారి రుచి చూసి, "గిది జీతం తీసుకునేటోళ్ల పప్పు సార్, నీళ్లే ఎక్కువ" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి యార్డుకు కూడా వెళ్లాను. ఎనిమిదేళ్లు ఆలస్యంగా. జెండా పాట అయిపోగానే గుంపు పలచబడటం, మిగతా రాసుల దగ్గర ధర చెప్పి ఆగకుండా వెళ్లిపోవడం, బస్తా మీద కూర్చున్న రైతు ఆ చెప్పిన మాటను పక్కవాడి దగ్గర మళ్లీ అడిగి తెలుసుకోవడం చూశాను. భాయి వంగి ఒక బస్తా మూతి కుడుతూ, తల ఎత్తకుండానే, "గిది మధ్యరకం సార్, రాసుకో" అన్నాడు. అంతవరకు ఎప్పుడూ నన్ను ఏకవచనంలో పిలవలేదు. నాకెంతో బాగుంది.

తేలింది ఇదీ. రూపాయి పడి డాలరు ఎక్కువ రూపాయలు తెచ్చినప్పుడు జెండా పాట వెంటనే పెరిగింది. మధ్యరకం ఆలస్యంగా, కొద్దిగా కదిలింది. కనిష్ఠం కదిలిందని చెప్పడానికి లేదు. తిరిగి ధరలు తగ్గేటప్పుడు మాత్రం మూడూ కలిసికట్టుగా తగ్గాయి. గుర్రం ఎక్కేటప్పుడు పెళ్లికొడుకు ఒక్కడే, పడేటప్పుడు అందరూ. నేను పుస్తకాల్లో వెతికిన సిద్ధాంతాన్ని ఆయన ఎనిమిదేళ్ల క్రితమే నోట్లో దారంతో చెప్పాడు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. పదకొండో రోజు కమిటీ ముందు నా వ్యాసం తప్పని చెప్పాను. గంటసేపు వాదన. "నిధి అవసరం లేదు" అన్న మాట తీసేసి "నిధి అవసరాన్ని పరిశీలించవచ్చు" అని పెట్టారు. ఆ నిధి వచ్చిందా అని మీరడుగుతారు. పరిశీలన ఇంకా సాగుతోందని వింటున్నాను. ఇంటర్వ్యూకు దిద్దుబాటును అన్నిటికన్నా పైన పెట్టుకుని వెళ్లాను. ఒక సభ్యుడు, "అంటే మీ పేరున్న పని తప్పంటారా" అన్నాడు. అవునండీ అన్నాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. తర్వాతి అభ్యర్థిని పిలిచారు. మిగిలిన సర్వీసంతా ప్రొఫెసర్‌కు ఒక మెట్టు కిందే గడిచింది. చరిత్ర లెక్చరర్ ఫోన్ చేసి, "డాలర్ పంతులు విలువ పడిందట కదా, లాభం ఎవరికి చేరింది" అన్నాడు. పాత జోకు కంటే బాగుందని ఒప్పుకున్నాను.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. దిద్దుబాటు అచ్చు వేసేటప్పుడు పత్రిక సంపాదకుడు, "కృతజ్ఞతల్లో పుస్తకాలు కుట్టే వ్యక్తి అని రాశారు, ఆయన పూర్తి పేరు పంపండి" అని అడిగాడు. నాకు తెలియదు. గ్రంథాలయానికి ఫోన్ చేశాను. పాత మేడమ్ బదిలీ అయిపోయింది. ఆ రోజు భాయి రాలేదట. ఫోన్ తీసినవాడు, "బైండింగ్ భాయా? పేరంటే... భాయే సార్" అన్నాడు. గడువు ఆ సాయంత్రమే. మళ్లీ గడువే. పేరు లేకుండానే అచ్చయింది. ఖమ్మం వెళ్లి కనుక్కుంటాననుకున్నాను. యార్డుకు వస్తానులే అన్నట్టే అనుకున్నాను.

రిటైరయ్యాక సారపాక వచ్చేశాను. పోయినేడు ఖమ్మం గ్రంథాలయానికి వెళ్లాను. పత్రికలు కుట్టడం మానేశారట, ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే. పొడుగు బల్ల మీద కుర్రాళ్లు పోటీ పరీక్షలకు చదువుతున్నారు. పాత సంపుటాలు వెనక గదిలో ఉన్నాయంటే వెళ్లి ఒకటి తీశాను. మేం విప్పినవాటిని ఎలా కుట్టాడో చూద్దామని.

సంపుటం బల్ల మీద చాప పరిచినట్టు తెరుచుకుంది. పేజీని పేజీకి నేరుగా కుట్టలేదు. ప్రతి పేజీ లోపలి అంచుకు రెండు వేళ్ల వెడల్పు కాగితపు పట్టీ అతికించి, ఆ పట్టీని కుట్టాడు. మూడు వరుసలూ కుట్టుకు ఇవతలే ఉన్నాయి. ఇంకోటి తీశాను. అదీ అంతే. నా పన్నెండేళ్లకు ముందరివి తీశాను, తర్వాతివి తీశాను. నేను ముట్టనివి, నేను అడగనివి. అన్నీ అంతే. కొత్త గ్రంథపాలకుడు వచ్చి, "ఎవరో పాత బైండరు సార్. వేరే పని లేనప్పుడల్లా పాతవి విప్పి కుట్టేవాడట" అన్నాడు.

అన్నిటినీ మళ్లీ అరల్లో సర్దేసి, నేరుగా మార్కెట్ యార్డుకు పోయాను.

యార్డులో తూకం వేసే ముసలాయన ద్వారా తెలిసింది, మణుగూరులో కూతురి దగ్గర ఉంటున్నాడని. అల్లుడిది బొగ్గు గనిలో ఉద్యోగం. కాలనీ చివర క్వార్టరు, దాని వెనక నుంచే అడవి. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది, నవ్వు తగ్గలేదు.

"డాలర్ ఎంత సార్ ఇయ్యాల?"

చెప్పాను. "అబ్బో, బాగ బలిసింది" అన్నాడు.

సంపుటాల సంగతి అడిగాను. ఎందుకు చేశారు భాయీ, అంత పని, ఎవరూ చెప్పకుండా.

"ఒకపారి తప్పు కుడితే ఒక్క సారుకు నష్టమొచ్చింది. అట్లనే ఉంచితే ఇంకెంతమంది సార్లు ఒస్తరో. మల్ల ఇప్పుమని నా పానం తింటరు." కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "కుట్టుల పోయినయని నాకు తెల్సు గద సార్. తెల్సినంక ఎట్ల ఉంచుత?"

ఆ ప్రశ్న నన్ను అన్నది కాదు. నాకు తగిలింది.

చాయ్ వచ్చింది. తాగాక అడిగాను. "భాయీ, మీ పేరు రాసుకోవాలి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఇరవై ఏండ్లకు అడుగుతున్నవా?" లోపలికి తిరిగి కూతురితో, "బేటీ, సారుకు ఇంకో చాయ్ పొయ్యి. ఇప్పుడే పరిచయమైండు" అన్నాడు.

రెండో చాయ్ అయ్యేదాకా చెప్పలేదు. ఆలోగా తన వేళ్లు చూపించాడు. సూదిలో దారం ఎక్కడం లేదట. మళ్లీ ఆ బల్ల దగ్గర ఒక్క పూట కూర్చుంటే బాగుండునని నేనన్నాను. "కూసుంటం సార్, ఏం జేస్తం కూసుని? కుట్టెటందుకు పేపర్లు లెవ్వు, రాసెటందుకు మీకు ఉద్యోగం లేదు" అన్నాడు. రెండో చాయ్ అయ్యాక పేరు చెప్పాడు, రాసుకున్నాను. నాకు మైలుతుత్తం వాసన వచ్చినట్టనిపించింది. అక్కడ అదేమీ లేదు.

ఇప్పుడు పరిశోధన చేసే మీకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. కనిపించే వరుస పక్కన ఇంకో వరుస ఉందేమో చూసుకోండి. ఆ చివర కూర్చున్నవాళ్ల పేరు మొదటి రోజే అడగండి.

ఇంతవరకు ఎవరి పేరూ రాయలేదు. ఇంగ్లిషు వ్యాసంలో పెద్దవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి, వాళ్లకు అది చాలు. నా కృతజ్ఞతలు ఇక్కడున్నాయి. వంతెన అవతల నాకు మొదటి గ్రంథాలయ కార్డు రాసిచ్చిన నర్సయ్య గారికి. శిథిలమయ్యాయని రాసి ఉద్యోగాన్ని పణంగా పెట్టిన సుగుణ మేడమ్‌కు. మూడు కుప్పలు చూపించిన ముత్తమ్మకు. ఆ రోజు అడగలేదు, ఈ చలికాలం మళ్లీ ఆ ఊరు వెళ్లి పేరు తెలుసుకుని వచ్చాను. రోజూ ఒకే జోకుతో నన్ను నేల మీద ఉంచిన రాఘవులుకు. మణుగూరు చిరునామా చెప్పిన యార్డు వెంకులుకు. ఇంకోసారి చాయ్ పోసిన రజియాకు.

ఆమె తండ్రి, మిర్చి బస్తాలూ దినపత్రికలూ ఒకే చేత్తో కుట్టిన షేక్ మదార్ సాహెబ్ గారికి.